సీమ తుమ్మెద ఓడ ప్రయాణం

మా వ్యవసాయ ప్రసారాల విభాగానికి ఏటేటా వచ్చే ఉత్తరాలలో ఒక ప్రశ్న తప్పక ఉంటుంది. వ్రాసేవారు మారుతారు, ఊళ్ళు మారుతాయి, ప్రశ్న మాత్రం మారదు. గుమ్మడి పాదు ఇల్లెక్కినది, పూలు విరగబూసినవి, పిందె కనిపించినది కనిపించినట్లే పసుపుబారి రాలిపోతున్నది, ఏ మందు కొట్టవలెను అన్నదే ఆ ప్రశ్న. మేము చెప్పే సమాధానం విని కొందరు నిరాశ పడుతారు. చాలా సందర్భాలలో మందుతో పని లేదు. తెల్లవారుజామున విచ్చిన మగపువ్వును కోసి, రేకలు తీసివేసి, దాని పుప్పొడిని ఆడపువ్వు నడుమనున్న కీలాగ్రానికి మెల్లగా అంటించవలెనని చెబుతాము. చేసి చూచినవారు పిందె నిలిచినదని మళ్ళీ వ్రాస్తారు. అయితే, మా తాతలు ఈ పని ఎన్నడూ చేయలేదే, వారి పాదులు ఎట్లా కాసినవి అని ఎదురు ప్రశ్న వేసినవారు అరుదు. నిజానికి వేయవలసిన ప్రశ్న అదే.

నూట యాభై సంవత్సరాల క్రితం ఒక దేశపు రైతులందరూ కలిసి ఇటువంటి ప్రశ్నే వేసుకున్నారు. వారి పైరు పూసేది, విత్తనం పట్టేది కాదు. పాదు ఒకటి కాదు, వేలాది ఎకరాలు. వారు కనుగొన్న ఉపాయం వింతైనది. దాని వెనుక కథ ఇంకా వింతైనది. ఆ కథ చెప్పుకొనే ముందు పువ్వుకూ పురుగుకూ ఉన్న సంబంధం మనుష్యులకు ఎప్పుడు తెలిసివచ్చినదో కొంచెం తెలుసుకోవలసి ఉన్నది.

మన కవులు తుమ్మెదను వేయి విధాల వర్ణించినారు. రసికుడన్నారు, చంచలుడన్నారు, తేనె దొంగ అన్నారు. ఆ దొంగ వెళ్ళిపోతూ పువ్వుకు ఏమి ఇచ్చిపోతున్నాడో మాత్రం విచారించినట్లు కనబడదు. ఈ లోపం మన కవులది మాత్రమే కాదు, లోకమంతటిదీ. పుప్పొడిని పువ్వు నుండి పువ్వుకు పురుగులు చేరవేస్తాయన్న సంగతిని జర్మనీ దేశస్థుడు కోల్‌రాయిటర్ 1761లో ప్రకటించినాడు. తరువాత స్పాండౌ పట్టణంలో ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడైన క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్ 1787లో ఒక అడవి పువ్వు రేకల అడుగున సన్నని నూగును చూచి, ఇది వృథాగా ఉండదు, వాన నీటి నుండి తేనెను కాపాడటానికే ఉన్నది అని ఊహించినాడు. అక్కడ నుండి ఆయనకు పూల పిచ్చి పట్టుకున్నది. ఏళ్ళ తరబడి పొలాలలో కూర్చుండి ఏ పువ్వు మీద ఏ పురుగు వాలుతున్నదో చూచి, నాలుగు వందలకు పైగా జాతుల పూల నిర్మాణాన్ని వివరిస్తూ 1793లో గ్రంథం వెలువరించినాడు. ఆ గ్రంథానికి దక్కిన ఆదరణ శూన్యం. బడి సంగతి మరచినాడన్న ఫిర్యాదు మీద మరుసటి ఏడే ఆయన ఉద్యోగం పోయినది. పూలను చూచినందుకు ఉద్యోగం పోగొట్టుకొన్న ఉపాధ్యాయుని పేరు మన పాఠ్యపుస్తకాలలో ఒక మూలనైనా ఉండదగినదని మా అభిప్రాయం.

ఆ గ్రంథాన్ని సుమారు అర్ధ శతాబ్దం తరువాత చదివి గుర్తించినవాడు చార్లెస్ డార్విన్. 1859లో వెలువడిన తన ప్రఖ్యాత గ్రంథంలో ఆయన ఎర్ర క్లోవర్ అనే మొక్కతో చేసిన ఒక పరీక్షను పేర్కొన్నాడు. ఎర్ర క్లోవర్ మన పిల్లిపెసర వలె, లూసర్ను వలె కాయధాన్యపు జాతికి చెందిన మేత పైరు. పశువులకు మేత, భూమికి నత్రజని, రెండూ ఇస్తుంది. రసాయనపు ఎరువులు లేని కాలంలో ఇంగ్లండు సేద్యానికి అది పట్టుగొమ్మ. డార్విన్ నూరు క్లోవర్ పూగుత్తులను పురుగులు వాలకుండా కప్పినాడు, నూరు గుత్తులను విడిచిపెట్టినాడు. విడిచిన గుత్తులలో 2,700 గింజలు పట్టినవి. కప్పిన గుత్తులలో ఒక్క గింజ కూడా లేదు.

క్లోవర్ పువ్వు సన్నని గొట్టం వంటిది. దాని లోతు తొమ్మిది పది మిల్లీమీటర్లు. సాధారణ తేనెటీగ నాలుక సుమారు ఆరు మిల్లీమీటర్లు. అడుగున ఉన్న తేనె దానికి అందదు. అందుకొనగలది పొడవు నాలుక గల మరొక ఈగ. ఇంగ్లీషువారు దానిని బంబుల్ బీ అంటారు. హిమాలయాల చలి ప్రదేశాలలో దాని బంధువులున్నవి గాని మన మైదానాలలో లేవు. బొద్దుగా, ఒళ్ళంతా నూగుతో, పసుపు నలుపు పట్టెలతో ఉంటుంది. మన గండుతుమ్మెద వలె ఝుంకారం చేస్తుంది. సీమ చింత, సీమ వంకాయ అన్నట్లుగా దీనిని సీమ తుమ్మెద అందాము. క్లోవరును సీమ తుమ్మెద తప్ప వేరొకటి ముట్టదని డార్విన్ అన్న మాట అక్షరాలా నిజం కాదు. పుప్పొడి కోసం తేనెటీగ కూడా దాని మీద వాలుతుంది. అయినా ఆ పువ్వుకు తగిన నేస్తం సీమ తుమ్మెదే.

దీని సంసారం తేనెటీగ సంసారం వంటిది కాదు. శీతకాలానికి నిలువ చేసుకొనేటంత తేనె కూడబెట్టదు. ఆకురాలు కాలం ముగిసేసరికి కూలీలు, మగవి, ముసలి రాణి అన్నీ చనిపోతాయి. గర్భం ధరించిన కొత్త రాణులు మాత్రం ఏ కాలువ గట్టునో మట్టి తొలుచుకొని నెలల తరబడి నిద్రపోతాయి. వసంతంలో మేల్కొని, ఎలుకలు విడిచిపోయిన కన్నం వెతుక్కొని ఒంటరిగా కొత్త కాపురం పెడుతాయి. అందుకని ఈ ఈగకు రెండే కోరికలు. దున్నని గట్టు కొంత ఉండవలెను. వసంతం మొదలు శరత్తు దాకా ఎడతెగక ఏదో ఒక పువ్వు ఉండవలెను. ఈ రెండు మాటలూ తరువాత కథకు కీలకమవుతాయి.

ఇక మన కథకు వస్తాము. న్యూజీలాండు దీవులలో 1840 తరువాత ఇంగ్లీషు వలసలు పెరిగినవి. వచ్చినవారు తమతో తమ దేశాన్నే మోసుకొని వచ్చినారని చెప్పవచ్చును. గొర్రెలు, గోధుమలు, కంచె మొక్కలు, పిచ్చుకలు, చివరకు కుందేళ్ళు కూడా తెచ్చుకున్నారు. కుందేళ్ళను తెచ్చినందుకు ఎంత పశ్చాత్తాపపడినారో అది వేరే ప్రసంగానికి చాలిన విషయం. తేనెటీగలు 1839లోనే మేరీ బంబీ అనే ఆమెతో వచ్చినవి. ఎర్ర క్లోవర్ కూడా వచ్చినది. ఆ చల్లని నేలలో చక్కగా పెరిగినది, ఏపుగా పూసినది. గింజ మాత్రం పట్టలేదు, పట్టినా బహు స్వల్పం. అక్కడి స్వదేశీ ఈగలు చిన్నవి, నాలుకలు పొట్టివి. అందువల్ల ఏటేటా ఓడల మీద ఇంగ్లండు నుండి విత్తనం కొని తెచ్చుకోవలసి వచ్చేది. కారణమేమో డార్విన్ గ్రంథం చదివినవారికి తెలిసినది. మొక్కను తెచ్చుకున్నారు గాని దాని నేస్తాన్ని మరచి వచ్చినారు.

అయితే సీమ తుమ్మెదను తెప్పించడం ఎట్లా? 1870లలో జరిగిన ప్రయత్నాలు ఫలించలేదు. భూమధ్యరేఖ దాటి వారాల తరబడి సాగే ప్రయాణం. ఉష్ణమండలపు వేడికి రాణులు నిద్ర మేల్కొంటాయి. మేల్కొన్నవాటికి సముద్రం నడుమ పువ్వు ఎక్కడిది? ఈ చిక్కును విప్పినది శాస్త్రజ్ఞులు కాదు, మాంసపు వర్తకులు. 1882లో న్యూజీలాండు నుండి శీతలీకరించిన మాంసం తొలిసారిగా ఓడ మీద ఇంగ్లండుకు వెళ్ళినది. శీతల గదులు గల ఓడలు ఆ మార్గంలో తిరుగసాగినవి. ఆ చల్లని గదిలో పెడితే రాణులు దారి పొడుగునా నిద్రపోతాయి కదా!

ఇంగ్లండులో కెంటు మండలపు కాలువ గట్లు చెక్కే కూలీలకు, మట్టిలో దొరికిన ఒక్కొక్క రాణికి ఇంత అని బహుమానం ప్రకటించినారు. అప్పటిదాకా పారతో పక్కకు నెట్టివేసిన పురుగుకు ఒక్కసారిగా వెల ఏర్పడినది. ఐదు వందల పైచిలుకు రాణులు పోగైనవి. నాచు పరచిన పెట్టెలలో సర్ది, టొంగరీరో, అవొరాంగి అనే రెండు ఓడలలో పంపినారు. అక్కడ శీతకాలంలో బయలుదేరినవి 1885 జనవరి, ఫిబ్రవరులలో, దక్షిణార్ధగోళపు నడివేసవిలో దిగినవి. పెట్టెలు విప్పితే ప్రాణంతో ఉన్నవి వందకు లోపే. నిద్ర లేచి, కొంచెం తేనె తాగి, క్రైస్ట్‌చర్చి పరిసరాల పొలాలలోకి ఎగిరిపోయినవి.

అంత చాలినది. కొన్ని ఏళ్ళలోనే అవి దక్షిణ దీవి అంతటా వ్యాపించినవి. క్లోవర్ గింజ పట్టసాగినది. విత్తనం కొనే దేశం విత్తనం పండించే దేశమైనది. వచ్చినవాటిలో నాలుగు జాతులు అక్కడ స్థిరపడినవి. ఒక పంటకు అవసరమైన అడవి ఈగను ఇంత దూరం తెప్పించి నిలబెట్టిన ఉదంతాలు చరిత్రలో అరుదు. పరదేశపు ప్రాణిని తెచ్చి విడవడం మంచిదని దీనివల్ల మేము చెప్పడం లేదు. నాడు వారు చూచుకున్నది క్లోవరును మాత్రమే. ఆ దీవుల స్వదేశీ పురుగుల మాట అడిగినవారు లేరు.

ఆ నాలుగింటిలో ఒక జాతి పేరు పొట్టి నూగు సీమ తుమ్మెద. ఇక కథ దానిదే.

ఓడనెక్కిన ఈగలు అక్కడ సుఖపడుతూ ఉండగా పుట్టింట ఏమి జరిగినదో చూడవలెను. 1909లో ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే విధానం కనుగొన్నాడు. 1913లో జర్మనీలో దాని కర్మాగారం మొదలైనది. సంచిలో నత్రజని దొరకగా క్లోవరుతో పని ఏమి? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తిండికి కటకటపడిన ఇంగ్లండు, పచ్చిక బయళ్ళను దున్ని గోధుమ వేసినది. ఆ నిర్ణయాన్ని ఆక్షేపించడానికి మనము ఎవరము? ఆకలి ముందు పువ్వు నిలువదు. కాని యుద్ధం ముగిసిన తరువాత కూడా నాగలి ఆగలేదు. కంచెలు తీసివేసి పొలాలను పెద్దవి చేసినారు. పూయకముందే కోసి పాతరవేసే మేత వచ్చినది. కలుపు మందులు, పురుగు మందులు వచ్చినవి. 1930ల నుండి 1984 దాకా ఇంగ్లండు, వేల్సులలోని పూల పచ్చిక బయళ్ళు నూటికి తొంభై ఏడు పాళ్ళు అంతరించినవని లెక్క కట్టినారు.

పొట్టి నూగు తుమ్మెదను ఎవరూ పనిగట్టుకొని చంపలేదు. దానికి కావలసిన రెండూ, దున్నని గట్టు, ఎడతెగని పూత, ఒక్కొక్క ఊరి నుండే తప్పుకున్నవి. దక్షిణ ఇంగ్లండులో విరివిగా కనిపించే ఆ ఈగ కడపట 1988లో కెంటులోని డంజనెస్ అనే సముద్రతీరపు రాళ్ళ నేల వద్ద కనబడినది. 2000 సంవత్సరంలో అది బ్రిటనులో నశించినదని ప్రకటించినారు. ఏ కెంటు గట్లలో కూలీలు పారలతో తవ్వి రాణులను పోగుచేసినారో ఆ కెంటులోనే అది ఆఖరుసారి కనిపించినది.

అప్పుడు న్యూజీలాండు గుర్తుకు వచ్చినది. అక్కడ దక్షిణ దీవి లోపలి మెరక భూములలో, క్లోవరు మీదనూ, యూరోపు నుండే వచ్చి దారుల పక్కన కలుపుగా పెరిగిన ఒక నీలి పూల మొక్క మీదనూ ఆధారపడి ఆ జాతి ఇంకా బ్రతికి ఉన్నది. ఇచ్చిన అప్పు తిరిగి తెచ్చుకొన్నట్లు దానిని తెచ్చుకోవచ్చునని 2009లో ప్రకృతి సంరక్షణ సంస్థలు కలిసి ఒక పథకం వేసినవి. అది పారలేదు. పట్టి తెచ్చి పెంచినవి నిలువలేదు. పరీక్షించగా వాటి వంశంలో వైవిధ్యం అతి స్వల్పమని తేలినది. 1885లో వచ్చిన ఆ జాతి రాణులలో బహుశా రెండింటి సంతానమే ఆ దీవిలో ఉన్నదంతా అని శాస్త్రజ్ఞులు అంచనా వేసినారు. ఒకే ఇంట పెళ్ళిళ్ళు చేసుకొంటూ వచ్చిన వంశం వంటిదన్నమాట. నూరేళ్ళు దాటి బ్రతకడమే విశేషం.

అందుచేత స్వీడను దక్షిణ ప్రాంతం నుండి రాణులను తెచ్చి, రోగాలు లేవని పరీక్షించి, 2012లో డంజనెస్ వద్ద కొన్ని పదుల రాణులను విడిచినారు. మరుసటి వేసవిలో కూలి ఈగలు కనబడినవి. అంటే కనీసం ఒక రాణి అయినా కాపురం పెట్టినదన్నమాట. పాతికేళ్ళ తరువాత ఆ ఝుంకారం వినిపించినందుకు సంబరపడినారు. అయితే ఏడేడూ కొత్త రాణులను విడిచినా ఆ జాతి శాశ్వతంగా కుదురుకోలేదు. పోగొట్టుకొన్నదానిని ఓడ మీద తెచ్చినంత సులభంగా మళ్ళీ తెచ్చుకోలేకపోయినారు.

కాని ఈ అపజయంలో ఒక విశేషం జరిగినది. మా దృష్టిలో అసలు చరిత్ర అది. ఈగను విడిచే ముందే దానికి తిండి ఏర్పాటు చేయవలెనని డంజనెస్ చుట్టుపట్ల రామ్నీ మార్ష్ రైతులను కలిసి నచ్చజెప్పినారు. రైతులు పొలాల అంచులలో క్లోవరు, అడవి పూలు చల్లినారు. గట్లను దున్నక విడిచినారు. కోతలను ఆలస్యం చేసినారు. వందల హెక్టార్లలో ఈ విధంగా పూలు వచ్చినవి. పిలిచిన అతిథి నిలువలేదు గాని పిలువనివి వచ్చినవి. ఆ ప్రాంతంలో ఎన్నో ఏళ్ళుగా కనబడని ఇతర అరుదైన సీమ తుమ్మెదలు ఆ పూల మీద మళ్ళీ కనిపించినవి. వాటిని ఎవరూ పెట్టెలలో తేలేదు.

ఇదంతా ఎక్కడిదో చలి దేశపు ముచ్చట కదా అనవచ్చును. మన పొలాల సంగతి కొంత విచారిద్దాము. మన పెద్ద తేనెపట్టు ఈగ, తొర్రలలో పట్టు పెట్టే ఈగ అందరికీ తెలిసినవే. 1991, 92 ప్రాంతాలలో దక్షిణ భారతంలో ఒక వైరస్ వ్యాధి వ్యాపించి, పెట్టెలలో పెంచే తొర్ర ఈగలలో అధిక భాగం తుడిచిపెట్టుకొని పోయినది. పెంపకందారు కనుక నష్టాన్ని లెక్కపెట్టగలిగినాడు. పెట్టెలో ఉండనివాటి లెక్క ఎవరు చూస్తారు? గండుతుమ్మెద ఇంటి వాసాలనూ పందిరి వెదుళ్ళనూ తొలిచి ఒంటరిగా ఉంటుంది. ఇంకా ఎన్నో చిన్న ఈగలు గట్టు మట్టిలో, పాత మట్టిగోడలలో కన్నాలు చేసుకొని ఉంటాయి. ఆకు కోసే ఈగ ఒకటున్నది. గులాబి ఆకుల అంచున రూపాయి బిళ్ళను కత్తిరించినట్లు గుండ్రని గండ్లు పెడుతుంది. అది చూచి పురుగు పట్టినదని మనము మందు కొడతాము. ఆ ఈగే కంది పూతకు నేస్తం.

వంగ పువ్వు సంగతి మరీ విచిత్రం. అందులో తేనె లేదు. పుప్పొడి పసుపుపచ్చని గొట్టాలలో మూసి ఉంటుంది. కొనన సన్నని రంధ్రం మాత్రమే. గాలి కదలికకు కొంత రాలుతుంది. కాని తుమ్మెద వచ్చి ఆ గొట్టాలను కరచుకొని రెక్కలు ఆడించకుండానే ఒళ్ళు ఝుమ్మని అదిరిస్తే పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. తేనెపెట్టెలు ఎన్ని తెచ్చి పొలంలో పెట్టినా వంగతోటకు తుమ్మెద లోటు తీరదు.

1969 తరువాత మన దేశంలో ప్రొద్దుతిరుగుడు సాగు మొదలై, రాయలసీమ మెట్ట చేలకు వ్యాపించినది. పరపరాగ సంపర్కం లేకపోతే దానికి తాలు గింజలు ఎక్కువ. అందుకని పూత కాలంలో ఉదయం పూట చేతికి పలుచని గుడ్డ చుట్టుకొని పువ్వు పువ్వునూ మెత్తగా రుద్దవలెనని రైతుకు సలహా ఇస్తారు. మేము కూడా ప్రసారాలలో ఎన్నోమార్లు చెప్పినాము. అది మంచి సలహాయే. అయితే ఎకరం చేనులో ఆ పని చేసే కూలికి ఎంత ఇవ్వవలెనో లెక్క వేసినప్పుడు, గట్టు మీది ఈగ ఇంతకాలం ఎంత జీతం లేకుండా పనిచేసినదో తెలుస్తుంది.

గుమ్మడి పాదు ఉత్తరానికి తిరిగి వద్దాము. చేతితో పుప్పొడి అంటించమని వ్రాసిన తరువాత మరొక ఉత్తరం తరచుగా వస్తుంది. పెంకు పురుగు ఆకులు తింటున్నది, ఈగలకు హాని లేకుండా ఏ వేళ మందు కొట్టవలెను అని. గుమ్మడి పువ్వు తెల్లవారకముందే విచ్చి పొద్దెక్కేసరికి ముడుచుకొంటుంది. కాకర, నేతిబీర కూడా ఉదయపు పూలే. కాబట్టి సాయంకాలం కొట్టవలెనని చెప్పడం మాకు అలవాటు. ఒకసారి ఒక గృహిణి తన పందిరి మీద గుమ్మడితోబాటు బీర, సొర, పొట్ల కూడా ఉన్నవని వ్రాసినారు. మా సమాధానం అక్కడ ఆగిపోయినది. బీర సాయంత్రం విచ్చుతుంది. సొర, పొట్ల మునిమాపున విచ్చి, రాత్రి తిరిగే చిమ్మట పురుగుల కోసం తెల్లగా ఎదురుచూస్తాయి. ఆ పందిరి మీద పువ్వు లేని వేళ లేదు. పూత ఉన్నన్నాళ్ళు మందు మాట విడిచి, తెల్లవారుజామున పెంకు పురుగులు చలికి మందగించి ఉన్నప్పుడు చేతితో ఏరి నీళ్ళ చెంబులో వేయమనీ, పందిరి రాటలలో ఎండిన వెదురు ఏదైనా ఉంటే, కన్నం పడినది కదా అని పొయ్యిలో పెట్టవద్దనీ ఆమెకు వ్రాసినాము.